ఒక్క అక్షరం తప్పు!

ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. స్వీడన్‌లో ఓ ముసలావిడ. 1970 నాటికే ఎనభై దాటిన మనిషి. మూత్రాశయ క్యాన్సర్. డాక్టర్లు తీసిన గడ్డలోంచి చిన్న ముక్క ఒకటి ప్రయోగశాలకు చేరింది. ఆవిడ ఎప్పుడో వెళ్లిపోయింది. ఆ ముక్కలోంచి పుట్టిన కణాలు మాత్రం ఇవాళ్టికీ ప్రపంచమంతా సీసాల్లో పెరుగుతూనే ఉన్నాయి. క్యాన్సర్ అసలు ఎలా మొదలవుతుందన్న ప్రశ్నకు తొలి జవాబుల్లో ఒకటి చెప్పింది ఆ కణాలే. ఆ జవాబు చదివినవాళ్లలో మన ఉస్మానియా విద్యార్థి కూడా ఒకరు!

మార్కాపురం అనగానే చాలామందికి పలక గుర్తొస్తుంది. చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయిని పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించి, ఊరూరి బడికీ పంపిన పట్టణమది. ఎన్ని తరాలు దాని మీద ఓనమాలు దిద్దాయో లెక్కలేదు. పలకతో ఓ సుఖం ఉంది. తప్పు రాస్తే తుడిచేసుకోవచ్చు. 'పాలు' రాయబోయి 'పాలు'కు బదులు 'పాము' అని రాసినా ఎవరికీ నష్టం లేదు. తడిగుడ్డ ఉంటే చాలు.

ఒంట్లో రాత అలా కాదు. మన ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే పొడవాటి పుస్తకం ఉంటుంది. అందులో ఉండేవి నాలుగే అక్షరాలు... ఎ, టి, జి, సి. ఆ నాలుగే అటూ ఇటూ మారుతూ దాదాపు 300 కోట్ల అక్షరాల గ్రంథమవుతాయి. కణం రెండుగా చీలిన ప్రతిసారీ పుస్తకం మొత్తాన్ని తిరగరాయాలి. అంత రాతలో తప్పులు దొర్లకుండా ఉంటాయా? దొర్లుతాయి. చాలావాటిని కణమే దిద్దుకుంటుంది. దిద్దకుండా మిగిలినవాటిలోనూ ఎక్కువ భాగం ఏ హానీ చేయవు. కానీ కొన్ని చోట్ల ఉన్నాయి... అక్కడ ఒక్క అక్షరం మారినా కొంప మునుగుతుంది.

క్యాన్సర్‌కు దారితీసే అలాంటి చోటు ఒకటి ఉందని మొట్టమొదట తెలిసింది మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోనే.

పొగ పోయే దారి

మూత్రాశయానికీ పశ్చిమ ప్రకాశానికీ ఏమిటి సంబంధం అంటారా? పొదిలి, కనిగిరి వైపు వెళ్తే పొగాకు వేలం కేంద్రాలు కనిపిస్తాయి. బ్యారన్లలో కాలి, బంగారు రంగు తిరిగిన ఆకు బేళ్లుగా మారి అక్కడి నుంచే బయల్దేరుతుంది. అది సిగరెట్టయి, ఎక్కడో ఎవరి వేళ్ల మధ్యో వెలుగుతుంది.

పొగ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయని చిన్నపిల్లలకీ తెలుసు. మూత్రాశయానికీ ముప్పేనని ఎందరికి తెలుసు? దారి చూడండి. పొగలోని విషాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరతాయి. రక్తాన్ని వడకట్టే పని మూత్రపిండాలది. వడకట్టిన చెత్త నీటితో కలిసి కిందికి, మూత్రాశయంలోకి దిగుతుంది. అక్కడ గంటల తరబడి నిల్వ ఉంటుంది. లోపలి పొరకు ఆ విషంతో అన్ని గంటల సావాసం! రోజుకు నాలుగైదుసార్లు తిత్తి ఖాళీ అయినా, మళ్లీ నిండేది ఆ విషపు నీరే.

ఈ సంగతి బయటపడింది పొగ వల్ల కాదు, రంగుల వల్ల. 1895లో జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ ఓ విచిత్రం గమనించాడు. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయి. రంగుల తయారీలో వాడే ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలే దోషులని తర్వాత తేలింది. అదే జాతి రసాయనాలు సిగరెట్టు పొగలోనూ ఉన్నాయి. ఫ్యాక్టరీ గేటు దాటని విషాన్ని మనిషి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట! అమెరికాలో జరిగిన ఓ పెద్ద అధ్యయనం అక్కడి మూత్రాశయ క్యాన్సర్లలో సగానికి పొగే కారణమని తేల్చింది. బీడీ అయినా చుట్ట అయినా కాలేది ఆ ఆకే.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.14 లక్షలమంది కొత్తగా ఈ జబ్బు బారిన పడ్డారు. 2.2 లక్షలమంది చనిపోయారు. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో మూడింతలకు పైగా ఎక్కువ.

ఇక్కడ ఓ అనుమానం రావడం సహజం. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ పాతది. పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం అక్కడివారికి తెలియని విషయాలు కావు. మరి ఆ నీళ్ల వల్ల మూత్రాశయ క్యాన్సర్ వస్తుందా? వస్తుందనడానికి సరైన రుజువు లేదు. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'క్యాన్సర్ కారకమో కాదో తేల్చలేనివి' అన్న జాబితాలోనే ఉంచింది. నీటిలో ఆర్సెనిక్ ఉంటే మాత్రం ముప్పు ఖాయమని అదే సంస్థ తేల్చింది. రెండూ నీళ్లలో కరిగే విషాలే అయినా రెండిటి దారులు వేరు. ఫ్లోరైడ్ మీద పోరాటం ఎముకల కోసం చేయాలి. మూత్రాశయం కోసమైతే ముందు ఆర్పాల్సింది చేతిలోని బీడీని.

సీసాలో సేద్యం

మనిషి ఒంట్లో ఉన్న గడ్డ మీద మందులన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడలేం కదా! అందుకే గడ్డలోని కణాలను బయట పెంచాలి. దీన్నే కల్చర్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా పని మాత్రం రైతుకు తెలిసిందే.

ముందు విత్తనం. ఆపరేషన్ థియేటర్లో తీసిన గడ్డ ముక్కను చల్లటి పోషక ద్రవంలో వేసి, ఆలస్యం చేయకుండా ల్యాబుకు తెస్తారు. ద్రవంలో సూక్ష్మజీవులు పెరగకుండా యాంటీబయాటిక్స్ కలుపుతారు. ముక్కను బ్లేడుతో ఆవగింజంత చేసి, కణాల్ని పట్టి ఉంచే జిగురును కరిగించే ఎంజైమ్ వేస్తారు. అప్పుడు కణాలు విడివడతాయి.

తర్వాత మడి. ప్లాస్టిక్ ఫ్లాస్కులో అడుగున పల్చగా పోషక ద్రవం. అందులో చక్కెర, లవణాలు, విటమిన్లు, అమైనో ఆమ్లాలు ఉంటాయి. పైగా పశువుల పిండాల రక్తం నుంచి తీసిన సీరం, సాధారణంగా పదో వంతు కలుపుతారు. ఎరువన్నమాట. ఫ్లాస్కును ఇంక్యుబేటర్లో పెడతారు. లోపల 37 డిగ్రీల వెచ్చదనం, గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మనిషి ఒళ్లే అనుకుని కణాలు మోసపోవాలి.

మోసపోతే అడుగున అతుక్కుంటాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మడి నిండాక నారు పీకి వేరే మడిలో నాటినట్టు, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో అడుగు నుంచి విడదీసి కొత్త ఫ్లాస్కుల్లో వేస్తారు. నాటకపోతే ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి.

చెప్పుకోవడానికి ఇంతే. చేసేటప్పుడు తెలుస్తుంది అసలు బాధ! మొదటి శత్రువు కలుపు. గడ్డ ముక్కలో క్యాన్సర్ కణాలొక్కటే ఉండవు. వాటిని ఆనుకుని ఫైబ్రోబ్లాస్టులనే మామూలు కణాలుంటాయి. సీసాలో అవి గడ్డిలా ఏపుగా పెరిగి, అసలు పంటను మింగేస్తాయి. రెండో శత్రువు తెగులు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా చేరితే ద్రవం మసకబారదు, వాసన రాదు. మామూలు మైక్రోస్కోపులోనూ కనిపించదు. ప్రత్యేక పరీక్ష చేస్తే తప్ప దొరకదు. ఈలోగా కణాల తీరే మారిపోతుంది. ఇవన్నీ దాటినా చాలా నమూనాలు కొన్ని వారాలు పెరిగి ఆగిపోతాయి. వానలు ముఖం చాటేసిన ఏడాది మెట్టచేను చూసిన రైతుకు ఆ నిరాశ వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడో ఒకటి మాత్రం ఆగదు. నాటినకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. దాన్నే 'సెల్ లైన్' అంటారు. వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచితే ఏళ్ల తర్వాత తీసినా మొలకెత్తుతాయి. విత్తనాల పాతరలాగా!

గుర్తింపు కార్డు

1951లో అమెరికాలో హెన్రియెటా ల్యాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి 'హీలా' కణాలు పుట్టాయి. మనిషి కణాలు సీసాలో నిరంతరాయంగా పెరగడం అదే మొదలు. మూత్రాశయం వంతు రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. లండన్‌లో రిగ్బీ, ఫ్రాంక్స్ అనే శాస్త్రవేత్తలు 'ఆర్‌టి4' కణాల గురించి 1970లో ప్రకటించారు. స్వీడన్ ముసలావిడ కణాలకు 'టి24' అని పేరు. వాటి వివరాలను చెక్ శాస్త్రవేత్త యాన్ బుబెనిక్ బృందం 1973లో ప్రచురించింది.

పెంచితే సరిపోదు. పెరిగింది ఏమిటో చెప్పాలి. బడిలో చేరిన పిల్లాడికి పుట్టుమచ్చలు రాసుకున్నట్టు, కొత్త కణాలకూ ఆనవాళ్లు రాస్తారు. మైక్రోస్కోపు కింద రూపం ఎలా ఉంది? ఎన్ని గంటలకు రెట్టింపవుతున్నాయి? క్రోమోజోములు ఎన్ని? మూత్రాశయపు పొరలో ఉండాల్సిన ప్రొటీన్లు ఉన్నాయా? రోగనిరోధక శక్తి లేని ఎలుకలోకి ఎక్కిస్తే గడ్డ కడుతున్నాయా? ఏ జన్యువులో ఏ తప్పుంది?

ఒకే జబ్బు నుంచి వచ్చిన ఈ రెండు రకాల కణాలనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఆర్‌టి4 నెమ్మదస్తురాలు. తోటి కణాలను వదలదు. గుంపు గుంపుగా, దీవుల్లా పెరుగుతుంది. లోతుకు పాకని క్యాన్సర్‌కు అది నమూనా. టి24 అలా కాదు. సుమారు 20 గంటలకే రెట్టింపవుతుంది. దేనికది విడిపోయి పరుగెడుతుంది. మామూలు మనిషి కణంలో 46 క్రోమోజోములుంటే, ఇందులో 80కి పైనే. ముదిరిన క్యాన్సర్ ఎంత గందరగోళమో ఆ లెక్కే చెబుతుంది.

ఒకే పేరున్న జబ్బు ఒకరిలో ఏళ్లతరబడి పైపైనే ఉండి, మరొకరిలో నెలల్లోనే కండలోకి దిగడం ఎందుకో, ఈ రెండు సీసాలు చూస్తే సగం అర్థమవుతుంది.

ఒకే సంచికలో రెండు వ్యాసాలు

1980ల మొదట్లో అమెరికా ల్యాబుల్లో ఓ ప్రయోగం జోరుగా సాగింది. మూత్రాశయ క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ తీసి, మామూలు ఎలుక కణాల మీద వేశారు. ఎలుక కణాలు క్యాన్సర్ కణాల్లా గుట్టలు గుట్టలుగా పెరగసాగాయి. ఆరోగ్యవంతుల డీఎన్‌ఏ వేస్తే అలా జరగలేదు. అంటే ఆ డీఎన్‌ఏలో ఎక్కడో ఓ దుష్ట జన్యువు ఉంది. వెతికారు. దొరికింది. ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చే ఓ వైరస్‌లో అంతకుముందే కనిపించిన 'రాస్' అనే జన్యువుకు అది సోదరుడు.

చిత్రమేమంటే అదే జన్యువు ఆరోగ్యంగా ఉన్న అందరిలోనూ ఉంది! మరి తేడా ఎక్కడ?

జవాబు 1982 నవంబరు 11 నాటి 'నేచర్' పత్రికలో వచ్చింది. ఒకే సంచికలో, ఒకదాని వెనక ఒకటిగా రెండు వ్యాసాలు. ఒకటి రాబర్ట్ వైన్‌బర్గ్ బృందానిది. రెండోది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ బృందానిది. ఈ రెండో వ్యాసంలో మొదటి పేరు... ఇ.ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త. ఆయనతోపాటు మరియానో బార్బాసిడ్ తదితరులు టి24 కణాల్లోని జన్యువును, మామూలు జన్యువును అక్షరం అక్షరం పోల్చి చూశారు. తేడా ఒకే ఒక్క అక్షరం. 'జిజిసి' అని ఉండాల్సిన చోట 'జిటిసి' అని ఉంది. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు వాలిన్ వచ్చి కూర్చుంది. రెండో బృందానికీ అదే తప్పు దొరికింది.

అంత చిన్న మార్పుకు అంత అనర్థమా? ఆ ప్రొటీన్ చేసే పని అలాంటిది. కణానికి 'ఇక చీలు' అని చెప్పే స్విచ్చి అది. పనయ్యాక తనంతట తానే ఆగిపోవాలి. 12వ స్థానంలో తేడా వస్తే ఆగడం మర్చిపోతుంది. స్టార్టరు అతుక్కుపోయిన బోరు మోటారును తలచుకోండి. నీళ్లున్నా లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది, చివరికి కాలిపోతుంది. ఇక్కడ కాలేది మనిషి.

క్యాన్సర్ అంటే పైనుంచి పడే శాపమో, గత జన్మ పాపమో కాదని, మనలోనే ఉన్న జన్యువులో దొర్లిన అచ్చుతప్పుతో మొదలు కావచ్చని మనిషి కణాల్లో రుజువైంది అప్పుడే. ప్రేమ్‌కుమార్ రెడ్డి తర్వాత 1987లో 'ఆంకోజీన్' అనే పరిశోధన పత్రిక ప్రారంభకుల్లో ఒకరయ్యారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఫెల్స్ సంస్థకు నేతృత్వం వహించి, ఆపైన న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్‌కి వెళ్లారు. రాస్ సంకేతానికి అడ్డుపడే 'రిగోసెర్టిబ్' అనే మందు ఆయన ల్యాబు నుంచే వచ్చింది. ఓ రక్తవ్యాధి రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షల్లో అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఒక ఎత్తు. దాన్ని దిద్దడం మరో ఎత్తు. రాస్ కుటుంబంలోని ఒక తప్పుకు నేరుగా గురిపెట్టే మందు సోటోరాసిబ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 2021లో. అదీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు. అచ్చుతప్పు కనిపించాక 39 ఏళ్లకు!

ద్విపాత్రాభినయం

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. 1983లో సినిమా ఫక్కీలో ఓ మలుపు తిరిగింది.

'నేచర్'లో వచ్చిన ఆ రెండు వ్యాసాల్లో ఒక బృందం వాడింది టి24 కణాలు. మరో బృందం వాడింది 'ఇజె' అనే కణాలు. ఇద్దరు వేర్వేరు రోగుల్లో ఒకే తప్పు దొరికిందనుకున్నారంతా. మరుసటి ఏడాదే లండన్ శాస్త్రవేత్తలు కణాల గుర్తింపు పరీక్షలు చేసి, ఇజె అనుకుంటున్నవి నిజానికి టి24 కణాలేనని అదే పత్రికలో చెప్పారు. ఎక్కడో, ఎప్పుడో, ఎవరి చేతిలోనో ఓ చుక్క అటుది ఇటు పడి ఉంటుంది. చురుగ్గా పెరిగే టి24 అసలు కణాలను తొక్కేసి సీసా మొత్తం ఆక్రమించింది. చేలోకి వయ్యారిభామ వచ్చినట్టు!

అదృష్టం ఏమిటంటే, కనిపెట్టిన విషయం తప్పు కాలేదు. రాస్ కుటుంబంలోని జన్యువుల్లో అదే 12వ స్థానంలో తప్పులు ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లలోనూ వరుసగా దొరికాయి. 1984లో ఓ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి గడ్డలో ఈ తప్పు ఉందని, అదే మనిషి ఆరోగ్యకరమైన కణజాలంలో లేదని తేలడంతో అనుమానం తీరిపోయింది.

అన్నిసార్లూ అదృష్టం కలిసిరాదు. 1990లో జపాన్ నుంచి 'ఇసివి304' అనే కణాలు వచ్చాయి. బొడ్డుతాడు రక్తనాళపు లోపలి పొర నుంచి వచ్చాయన్నారు. రక్తనాళాల మీద పరిశోధన చేసేవాళ్లకు పండగే అయింది. ఏళ్ల తరబడి వాటి మీద వ్యాసాలు రాశారు. 1999లో జర్మనీ కణ నిధి డీఎన్‌ఏ పరీక్ష చేసి అసలు గుట్టు విప్పింది. అవి కూడా టి24లే! రక్తనాళం అనుకుని మూత్రాశయ క్యాన్సర్‌ను పరీక్షించారన్నమాట.

కల్తీ విత్తనం నాటి, పూతకొచ్చాక గానీ మోసం తెలియని మిరప రైతు బాధ ఎలాంటిదో ఈ ప్రాంతానికి తెలుసు. ఆ శాస్త్రవేత్తల పరిస్థితీ అదే. తేడా ఏమిటంటే రైతు ఒక పంట నష్టపోతాడు. ఇక్కడ తప్పు కణాల మీద పనిచేసిన మందును నమ్ముకుని ఏళ్లు గడిచిపోతే నష్టపోయేది రోగి. అందుకే ఇప్పుడు పేరున్న పత్రికలు, సంస్థలు చాలావరకు కణాల డీఎన్‌ఏ వేలిముద్ర చూపించమంటున్నాయి. మన దేశంలో ల్యాబులకు కణాలు అందించే పెద్ద నిధి పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలో ఉంది. పక్క ల్యాబు నుంచి స్నేహపూర్వకంగా ఓ సీసా అరువు తెచ్చుకోవడం కంటే, ఆనవాళ్లు సరిచూసిన చోటు నుంచి తెచ్చుకోవడమే మేలన్నది ఈ రంగంలో మొదటి పాఠం.

సీసా నుంచి మంచం దాకా

ఇంత చేసి రోగికి ఒరిగిందేమిటి? చాలానే ఉంది.

మూత్రాశయ క్యాన్సర్‌కు 1980ల్లో న్యూయార్క్ డాక్టర్లు నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అందులో మొదటిది మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ కంపెనీలో జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన మందు అది. ఆయన 1948లోనే కన్నుమూశారు. తన మందు ఇలా మూత్రాశయం దాకా వస్తుందని ఆయన చూడనే లేదు. రేన్ రంగుల కార్మికుల గురించి చెప్పింది, సుబ్బారావు పుట్టింది ఒకే ఏడాది... 1895!

ఇంకో మందు మరీ చిత్రం. చంటిపిల్లలకు క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా అందరికీ తెలుసు. దాన్నే గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పంపితే, లోతుకు దిగని క్యాన్సర్ మళ్లీ మళ్లీ రాకుండా ఆపుతుందని 1976లో కెనడా డాక్టర్ అల్వారో మొరాలెస్ చెప్పారు. నేటికీ అదే ప్రధాన చికిత్స. మరి కొందరిలో పనిచేసి కొందరిలో ఎందుకు చేయదు? సీసాల్లోని కణాలకు బీసీజీ ఇచ్చి చూస్తే కొన్ని రకాలు దాన్ని గబగబా మింగుతున్నాయి, కొన్ని ముట్టడం లేదు. రాస్ వంటి జన్యువుల్లోని మార్పులు అందుకు ఓ కారణమని 2013లో అమెరికా పరిశోధకులు గుర్తించారు.

నెమ్మదస్తురాలని చెప్పుకున్న ఆర్‌టి4లో 'ఎఫ్‌జిఎఫ్‌ఆర్3' అనే వేరే జన్యువు చెడిపోయి ఉంది. ఆ లోపమున్న రోగుల కోసమే వచ్చిన ఎర్డాఫిటినిబ్ మాత్రకు 2019లో అమెరికా అనుమతిచ్చింది. ఏ తప్పుకు ఏ మందో జతపరిచే రోజులివి.

యాభై ఏళ్ల కిందటి సీసాలతోనే ఎంతకాలం నెట్టుకొస్తారు? అన్నేళ్లు ప్లాస్టిక్ మీద పెరిగిన కణం అసలు గడ్డను పూర్తిగా పోలి ఉండదు. అందుకే ఇప్పుడు రోగి గడ్డ ముక్కనే జెల్లీ లాంటి పదార్థంలో చిన్న చిన్న ఉండలుగా పెంచుతున్నారు. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం బృందం మూత్రాశయ క్యాన్సర్ రోగుల నుంచి ఇలాంటివి పెంచి 2018లో చూపించింది. అసలు గడ్డలోని జన్యు తప్పులు చాలావరకు ఆ ఉండల్లో అలాగే నిలిచాయి. మందుల్ని ముందు ఉండ మీద పరీక్షించి, తర్వాత మనిషికి ఇవ్వొచ్చన్నది ఆశ. అది మామూలు ఆస్పత్రుల దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది.

ఎర్రగా కనిపిస్తే...

ఆర్గనాయిడ్లు రావాలంటే ఏళ్లు పడుతుంది. కానీ గిద్దలూరులోనో, కంభంలోనో, యర్రగొండపాలెంలోనో ఉండే మనిషికి ఈ క్షణాన పనికొచ్చేది ఒకటుంది.

మూత్రాశయ క్యాన్సర్ దొంగలా రాదు. చాలామందిలో ముందే చెప్పి వస్తుంది. నొప్పీ మంటా లేకుండా మూత్రంలో రక్తం పడుతుంది. ఓ రోజు ఎర్రగా కనిపిస్తుంది, మర్నాడు ఉండదు. అక్కడే మోసం. ఎండలు మండే నేల కాబట్టి 'వేడి చేసింది' అనుకుంటారు. సబ్జా నీళ్లో, బార్లీ నీళ్లో, పల్చటి మజ్జిగో తాగుతారు. రక్తం ఆగిపోతుంది. తగ్గిందనుకుంటారు. లేదా 'రాయి ఉండుంటుందిలే' అంటారు. మజ్జిగ మంచిదే. కానీ రక్తం ఆగింది మజ్జిగ వల్ల కాదు. ఈ జబ్బులో అది వస్తూ పోతూ ఉంటుంది. అలా పోయిన ఆరు నెలల్లో పైపొరలోని గడ్డ కండలోకి దిగితే, గొట్టంతో గీకి తీసేయాల్సినదానికి మూత్రాశయమే తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

పైగా దూరాభారం. గుంటూరు రైలెక్కితే కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట దాటాలి. ఒంగోలుకైతే బస్సులో గంటల ప్రయాణం. ఒకరోజు కూలి, తోడొచ్చినవారి కూలి, చార్జీలు... 'ఈసారి కనిపిస్తే చూద్దాం' అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ 'ఈసారి' దగ్గరే చాలామంది ఆలస్యమవుతున్నారు. ముఖ్యంగా నలభై దాటి, బీడీయో సిగరెట్టో అలవాటున్నవాళ్లు ఒక్కసారి ఎర్రగా కనిపించినా వెళ్లాల్సిందే.

వెళ్తే ఏం చేస్తారు? మూత్ర పరీక్ష, స్కానింగ్. అవసరమైతే సన్నటి గొట్టానికి కెమెరా బిగించి లోపల చూస్తారు. మూత్రంలో రాలిన కణాలను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. గడ్డ ఉంటే ఆ గొట్టం దారినే గీకి తీసి బయాప్సీకి పంపుతారు. రిపోర్టు వచ్చాక డాక్టరును రెండు ప్రశ్నలు అడగాలి. కణాలు ఏ గ్రేడువి? కండ దాకా వెళ్లాయా, లేదా? చికిత్స అంతా ఆ రెండు జవాబుల మీదే ఆధారపడుతుంది. ఆర్‌టి4కీ టి24కీ ఉన్న తేడా ఇక్కడ ఆ మనిషి బతుకులో తేడాగా మారుతుంది.

ఇంకో మాట. బయాప్సీ ముక్కను మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు. దాన్నే బ్లాక్ అంటారు. వేరే ఊళ్లో, వేరే ఆస్పత్రిలో చూపించుకోవాల్సి వస్తే రిపోర్టు కాగితంతోపాటు ఆ బ్లాక్‌నూ, స్లైడ్లనూ అడిగి తీసుకోవాలి. అవి లేక రెండోసారి ముక్క తీయించుకోవాల్సి వస్తే బాధా ఖర్చూ రెండూ అదనం. రేపు ఏ జన్యు పరీక్ష అవసరమైనా పనికొచ్చేది ఆ వేలెడు దిమ్మే.

పొగ మానేసినవారికి ముప్పు ఒక్కరోజులో పోదు. కానీ ఏడాది ఏడాదికీ తగ్గుతూ వస్తుంది. ముప్పై ఏళ్లు తాగాం, ఇప్పుడు మానితే ఏంటి అన్నది సరైన లెక్క కాదు. జబ్బు వచ్చి చికిత్స చేయించుకుంటున్నవారు మానినా మేలే.